పెళ్ళి సీడీ ఎక్కడ పుట్టింది?

మీ ఇంట్లో పెళ్ళి సీడీ ఉందా?

చాలా ఇళ్ళల్లో ఉంది. బీరువాలో పట్టుచీరల అడుగున ఉంటుంది. లేదంటే పాసుపుస్తకం, రేషన్ కార్డు పెట్టుకునే సంచిలో ఉంటుంది. ఏడాదికి ఒకసారి కూడా బయటికి తియ్యం. ఉందిలే, ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం.

మా చదువు కేంద్రానికి వచ్చే ఒక వదిన మొన్న రెండు సీడీలు పట్టుకొచ్చింది. ఒకటి వాళ్ళ అమ్మాయి పెళ్ళిది. రెండోది ఆమె తోటికోడలి కూతురి పెళ్ళిది. రెండు పెళ్ళిళ్ళూ 2006లోనే, ఒకే నెలలో జరిగాయి. వీడియో తీసింది ఒకతనే. సీడీలు ఇచ్చింది ఒకే దుకాణం.

తోటికోడలి సీడీ చక్కగా ఆడుతోంది. వదిన సీడీ ఆడటం లేదు. ప్లేయర్లో పెడితే "నో డిస్క్" అని వస్తోంది. అంటే లోపల సీడీయే లేదు పొమ్మంటోంది.

"ఇందులో మీ అన్నయ్య ఉన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఫోటోలు ఉన్నాయి గానీ మాట లేదు. ఆయన గొంతు వినాలంటే నాకు ఇదొక్కటే దిక్కు" అంది వదిన.

కాసేపాగి మళ్ళీ అంది. "ఒక్క దుకాణంలో చేయించాం. ఒకేలాగ దాచుకున్నాం. ఒకటి బతికింది, ఒకటి చచ్చింది. ఎందుకంటావు?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు మన ఊళ్ళో దొరకదు. ఆ దుకాణంలో కూడా సగమే దొరుకుతుంది. మిగతా సగం కోసం సీడీ తయారైన చోటికి పోవాలి.

అచ్చు సీడీ వేరు, రాసిన సీడీ వేరు

ముందుగా ఒక తేడా తెలుసుకుందాం.

సినిమా సీడీ కొంటాం. అది అచ్చు వేసింది. దానికి ఒక లోహపు అచ్చు ఉంటుంది. కంటికి కనిపించని సన్నని గుంటలు ఆ అచ్చు మీద నుంచి ప్లాస్టిక్ మీద పడతాయి. బొమ్మా, మాటా అన్నీ ఆ గుంటల్లోనే ఉంటాయి. గుంట చెరిగిపోవడం అంత తేలిక కాదు.

పెళ్ళి సీడీ అలాంటిది కాదు. అది ఖాళీ సీడీగా పుట్టింది. ఖాళీ పలకలాగా వచ్చింది. దుకాణం అతను కంప్యూటర్లో పెట్టి, మన పెళ్ళి దాని మీద రాశాడు. దుకాణాల వాళ్ళు దీన్ని "సీడీ కొట్టడం" అంటారు.

దేంతో రాస్తారు? వెలుగుతో రాస్తారు. లేజర్ అనే సన్నని వెలుగు ఉంటుంది. సీడీ లోపల ఒక రంగు పూత ఉంటుంది. లేజర్ ఆ రంగును అక్కడక్కడ కాలుస్తుంది. కాలిన చోటు ఒకలాగ, కాలని చోటు ఇంకోలాగ వెలుగును తిప్పి పంపుతుంది. ప్లేయర్ ఆ తేడాను చదువుతుంది. అంటే మన పెళ్ళి మొత్తం ఒక రంగు మీద నిలబడి ఉందన్నమాట.

రంగు సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకే అంగట్లో రెండు చీరలు కొంటాం. ఒకటి పదేళ్ళు కట్టినా రంగు పోదు. రెండోది నాలుగు ఉతుకులకే వెలిసిపోతుంది. దండెం మీద ఎండలో మరిచిపోతే ఇక చెప్పక్కర్లేదు. సీడీ రంగూ అంతే. ఎండకు వెలుస్తుంది. వేడికి చెడుతుంది. రంగు మంచిదా కాదా అన్నది దాన్ని పూసిన చోటే తేలిపోతుంది.

ఫ్యాక్టరీలో ఏం చేస్తారు?

ఖాళీ సీడీని ఎలా చేస్తారో ఒకసారి చూద్దాం.

ముందు ప్లాస్టిక్ గింజలు తెస్తారు. ఈ ప్లాస్టిక్ పేరు పాలీకార్బనేట్. గట్టిది, అద్దంలాంటిది. దాన్ని 300 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిస్తారు. అచ్చులోకి నెట్టి బిళ్ళ తీస్తారు. ఒక్క బిళ్ళకు కొన్ని సెకన్లే పడుతుంది. బిళ్ళ అడ్డంగా 12 సెంటీమీటర్లు ఉంటుంది. మందం 1.2 మిల్లీమీటర్లు.

ఆ బిళ్ళ మీద ఒక సన్నని గాడి ఉంటుంది. ముగ్గులో చుట్టులాగా అది లోపల మొదలై తిరుగుతూ అంచుకు వస్తుంది. మామూలు సీడీలో ఆ గాడిని విప్పి సాగదీస్తే అయిదు కిలోమీటర్లు దాటుతుంది. తల వెంట్రుక మందంలో నలభై దాకా చుట్లు పడతాయి. ఇంత సన్నని పనిలో దుమ్ము రేణువు పడితే కొండ పడ్డట్టే. అందుకని ఆ గదిలో గాలిని కూడా వడకడతారు.

తరువాత రంగు. ఇక్కడే అసలు పనితనం ఉంది. దోసె వేసేటప్పుడు మనం గరిటె తిప్పుతాం. ఇక్కడ గరిటె ఉండదు. పెనమే గిరగిరా తిరుగుతుంది! తిరిగే బిళ్ళ మీద నడుమన రంగు పోస్తారు. రంగు తనంతట తానే అంచుదాకా పాకుతుంది. ఎక్కువైంది బయటికి చిమ్ముతుంది. వేగం తప్పితే, రంగు చిక్కదనం తప్పితే, గదిలో వేడి మారితే ఒకచోట మందంగా, ఒకచోట పలచగా వస్తుంది. అంచు దగ్గర తేడా వస్తే మన కంటికి తెలియదు. కానీ ప్లేయర్‌కి తెలుస్తుంది.

రంగు మీద లోహపు పూత పూస్తారు. అది అద్దంలాగ పని చేస్తుంది. మొదట్లో చాలా సీడీలకు బంగారం పూసేవారు. బంగారం నల్లబడదు, కానీ ఖర్చు. తరువాత చాలామంది వెండికి మారారు. మన కాళ్ళ పట్టీలు చూడండి. వెండి గాలికి నల్లబడుతుంది కదా? సీడీలో వెండీ నల్లబడుతుంది. అలా జరక్కుండా పైన వార్నిషులాంటి పూత వేస్తారు. ఆ పూత అంచుదాకా సరిగా మూసిందా, వెండి పదిలం. ఎక్కడైనా సందు మిగిలిందా, గాలి, తేమ లోపలికి పోతాయి.

డీవీడీ అయితే ఇంకో పని ఉంది. మనం వాడుకలో డీవీడీని కూడా సీడీ అనే అంటాం. వదిన తెచ్చినవి కూడా నిజానికి డీవీడీలే. డీవీడీలో రెండు పలచని బిళ్ళలు ఉంటాయి. ఒక్కొక్కటి 0.6 మిల్లీమీటర్లు. రెంటినీ జిగురుతో అంటిస్తారు. రంగు, వెండి ఆ రెంటి నడుమన ఉంటాయి. జిగురు సరిగా పట్టకపోతే కొన్నాళ్ళకు అంచు దగ్గర బిళ్ళలు విడిపోతాయి.

చివరికి తనిఖీ. మంచి ఫ్యాక్టరీ చెడ్డ సరుకును పక్కకు తీసేస్తుంది. ఆ పక్కకు తీసిన సరుకు ఏమవుతుంది? అన్నీ చెత్తకుప్పకు పోవు. కొన్ని పేరు అచ్చు వెయ్యకుండా, తక్కువ ధరకు బయటికి వెళ్ళేవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

జపాన్, తైవాన్, ఇండియా

రాసుకునే సీడీని మొదట తయారు చేసింది జపాన్ దేశం. తైయో యూడెన్ అనే కంపెనీ 1988లో చేసింది. ఆ కంపెనీ వాడిన రంగు పేరు సయనిన్. నిజానికి ఈ రంగు వెలుగుకు తట్టుకోవడంలో అంత గట్టిది కాదు. జపాన్‌లోనే మిత్సుయి అనే కంపెనీ ఇంకో రంగు తెచ్చింది. దాని పేరు థాలోసయనిన్. అది వెలుగుకు బాగా తట్టుకుంటుంది. మిత్సుబిషి కెమికల్ కంపెనీ అజో అనే ముదురు నీలం రంగు తెచ్చింది.

ఇక్కడ ఒక వింత ఉంది. సయనిన్ బలహీనమైన రంగు అన్నాం. అయినా తైయో యూడెన్ సీడీలకే అందరికన్నా మంచి పేరు వచ్చింది. పాటలు రికార్డు చేసేవాళ్ళు వాటినే వెతికి కొనేవారు. ఎందుకు? ఆ కంపెనీ రంగులో మందు కలిపి దాన్ని గట్టిపరిచింది. సమంగా పూసింది. అంచు మూసింది. ఒక పెట్టెలో సీడీ ఎలా ఉందో పదో పెట్టెలోనూ అలాగే వచ్చేది. అదే సయనిన్ వేరే చోట్ల అజాగ్రత్తగా పూస్తే తొందరగా చెడింది. ఒకే కొలతల ఆవకాయ ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా వస్తుంది కదా, అలాగన్నమాట. ఒకామె జాడీ రెండేళ్ళున్నా కదలదు. ఇంకొకామె జాడీకి శ్రావణం నాటికే బూజు.

1990ల చివర తైవాన్ దేశం ఈ పనిలోకి పెద్ద ఎత్తున దిగింది. రైటెక్, సీఎంసీ అనే కంపెనీలు కోట్ల కొద్దీ చేశాయి. ధర ఒక్కసారిగా పడిపోయింది. ధర పడింది కాబట్టే మన ఊళ్ళ పెళ్ళిళ్ళకు కూడా సీడీ వచ్చింది. ఆ మేలు మరువకూడదు. కానీ ధర పడినప్పుడు ఏం జరుగుతుంది? ఒక్క సీడీ మీద పైసల్లో లాభం. రంగు కొంచెం తగ్గిద్దాం, వెండి కొంచెం పలచన చేద్దాం, అరిగిన అచ్చునే ఇంకొన్నాళ్ళు వాడదాం అనే ఆశ పుడుతుంది. అందరూ అలా చేశారని కాదు. తైవాన్‌లో మంచి సరుకూ వచ్చింది, నాసిరకమూ వచ్చింది.

మన దేశం కూడా చేసింది. మోజర్ బేర్ అనే కంపెనీ 1983లో ఢిల్లీలో మొదలైంది. 1999లో ఖాళీ సీడీలు చెయ్యడం మొదలుపెట్టింది. నోయిడాలో, గ్రేటర్ నోయిడాలో దాని ఫ్యాక్టరీలు ఉండేవి. కొన్నేళ్ళకే ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకటయింది. మీకు ఆ పేరు గుర్తుండే ఉంటుంది. సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది వాళ్ళే. తెలుగు సినిమాలూ అలా మన ఇళ్ళకు వచ్చాయి. అవి అచ్చు సీడీలు. అదే కంపెనీ ఖాళీ సీడీలు చేసి విదేశీ కంపెనీలకు కూడా ఇచ్చేది. వాటి మీద ఆ విదేశీ కంపెనీల పేర్లే ఉండేవి.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

పేరు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది

బియ్యం బస్తా మీద ఒక పేరు ఉంటుంది. బియ్యం ఆడించిన మిల్లు వేరే ఉండొచ్చు. నిరుడు ఒక మిల్లు, ఈ ఏడు ఇంకో మిల్లు. బస్తా మారదు, బొమ్మ మారదు. అన్నం వండితే గానీ తెలియదు.

ఖాళీ సీడీల వ్యాపారం కూడా ఇలాగే నడిచింది. ఫ్యూజీ పేరుతో అమ్మిన సీడీలు చూడండి. కొన్ని పెట్టెల మీద "జపాన్‌లో తయారైంది" అని ఉండేది. అవి తైయో యూడెన్ చేసినవి. కొన్నింటి మీద "తైవాన్‌లో తయారైంది" అని ఉండేది. అవి వేరేవాళ్ళు చేసినవి. అదే పేరు, అదే అంగడి. తెలిసినవాళ్ళు పెట్టెను తిప్పి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న దేశం పేరు చదివి కొనేవారు. చదవనివాళ్ళు పైన రంగు చూసి కొనేవారు.

అయితే జపాన్ గాలిలో మహిమ ఏమీ లేదు. దేశం పేరు ఒక ఆనవాలు మాత్రమే. ఫలానా దేశం అంటే ఫలానా ఫ్యాక్టరీ అయ్యుంటుందని ఊహ. మిత్సుబిషి వాళ్ళ వెర్బేటిమ్ సీడీలను చూడండి. రంగు వాళ్ళదే. పద్ధతి వాళ్ళదే. తయారీ మాత్రం సింగపూర్‌లో, తైవాన్‌లో, ఇండియాలో జరిగింది. ఒకరి వంటను నాలుగు పొయ్యిల మీద వండించినట్టు.

సీడీ లోపల ఒక గుర్తు కూడా ఉంటుంది. కంప్యూటర్ దాన్ని చదవగలదు. మామూలు సీడీలో ఆ గుర్తును గడియారం లెక్కలాగ రాస్తారు. తైయో యూడెన్ గుర్తు 97 నిమిషాల 24 సెకన్ల 01. ఇది పాట నిడివి కాదు, కంపెనీ గుర్తు. డీవీడీలో అక్షరాలతో రాస్తారు. దాన్ని బట్టి అచ్చు ఎవరిదో తెలుస్తుంది. కానీ దొంగలు ఎక్కడ లేరు? తైయో యూడెన్ గుర్తు వేసిన దొంగ డిస్కులు కూడా బజారులోకి వచ్చాయి.

మరి వదిన సీడీ?

రెండు సీడీలను లైటు కింద పెట్టి చూశాం. కన్నం చుట్టూ ఖాళీగా ఉన్న గాజులాంటి వలయం ఉంటుంది. సన్న అక్షరాలు అక్కడే ఉంటాయి. అవి ఇంగ్లీషులో ఉంటే పదో తరగతి చదివే పిల్ల చదివి పెట్టింది. తోటికోడలి సీడీ మీద ఒక కంపెనీ పేరు, దేశం పేరు ఉన్నాయి. వదిన సీడీ మీద ఏమీ లేదు. పేరూ లేదు, ఊరూ లేదు. ఒట్టి అంకెలు ఉన్నాయి. పైన మాత్రం పెళ్ళికొడుకు, పెళ్ళికూతురి ఫోటో స్టిక్కరు అందంగా అంటించి ఉంది.

అంచు దగ్గర పరీక్షగా చూస్తే మచ్చలు కనిపించాయి. రంగు అక్కడక్కడ పలచబడి ఉంది.

దుకాణం అతను మారిపోయాడు. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు బాగు చేస్తున్నారు. పాత సంగతి తెలిసిన ఒకతను మాత్రం చెప్పాడు. ఆ రోజుల్లో యాభై సీడీల డబ్బా కొనేవారట. పేరున్న డబ్బా అయిపోతే పేరు లేని డబ్బా తెచ్చేవారట. సీజన్లో రోజుకు నాలుగు పెళ్ళిళ్ళు. ఏ డబ్బాలోంచి ఏ పెళ్ళికి పోయిందో ఎవరికి తెలుసు? మనం భోజనాలకు వేలు ఖర్చు పెట్టాం. సన్నాయికి ఇచ్చాం. పెళ్ళిని దాచిపెట్టే బిళ్ళ దగ్గర అయిదు రూపాయలు మిగిలింది, అదీ మనకు కాదు.

స్టిక్కరు కూడా కొంత చెరుపు చేసి ఉండొచ్చు. కాగితం స్టిక్కరు ఎండకు ముడుచుకుంటుంది. సీడీ తిరిగేటప్పుడు ఒక పక్కకు బరువు లాగుతుంది. దాన్ని పీకకూడదు. పీకితే పై పూత, వెండి దానితోపాటు ఊడి రావొచ్చు. మామూలు సీడీకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. దాని వెండి పై వైపునే, పలచని పూత కిందే ఉంటుంది. అందుకే మెరిసే వైపు గీతకన్నా బొమ్మ వైపు గీత పెద్ద దెబ్బ.

మేము టౌనుకు పోయాం. కంప్యూటర్లు బాగు చేసే అబ్బాయి ఒకడు దొరికాడు. అతను మెత్తని బట్టతో సీడీ తుడిచాడు. గుండ్రంగా కాదు, నడుమ నుంచి అంచుకు తిన్నగా తుడిచాడు. మొదటి మిషన్లో చదవలేదు. రెండోదాంట్లో చదవలేదు. మూడోది పాతది, మూల పడి ఉంది. దాంట్లో పెడితే కీచుకీచుమని తిరిగి, కదిలింది!

సీడీని ఎప్పుడూ లోపలి నుంచి బయటికి రాస్తారు. మొదటి ఘట్టాలు కన్నం దగ్గర ఉంటాయి. చివరివి అంచు దగ్గర ఉంటాయి. వదిన సీడీ అంచు చెడింది. కాబట్టి స్నాతకం వచ్చింది. కన్యాదానం వచ్చింది. తలంబ్రాలు వచ్చాయి. భోజనాల దగ్గర అన్నయ్య చేతిలో గరిటె పట్టుకుని "ఏమయ్యా, ఆ మూల కూర్చున్నారేం, ఇటు రండి, వంకాయ తిన్నారా లేదా?" అని అరుస్తున్నాడు. ఆ మాట వినగానే వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

అప్పగింతలు రాలేదు. అక్కడికి వచ్చేసరికి బొమ్మ ముక్కలై ఆగిపోయింది. ఆయన కూతురి చెయ్యి పట్టుకుని ఏమో అన్నాడట, వదినకు ఆ మాటే కావాలి. రెండు గంటలు పట్టు వదలకుండా చూశాడు ఆ అబ్బాయి. ఇక లాభం లేదన్నాడు.

ఇప్పుడు ఏం చెయ్యాలి?

మీ సీడీ ఆడుతోందా? అయితే ఆడుతుండగానే ఇంకో చోటికి ఎక్కించండి. దీనికి తొందర ఉంది. చేసేవాళ్ళే ఒక్కొక్కరు తప్పుకుంటున్నారు. తైయో యూడెన్ 2015 చివరికి ఈ వ్యాపారం మానేసింది. మోజర్ బేర్‌ను మూసి ఆస్తులు అమ్మమని 2018లో ఆర్డరు వచ్చింది. వెర్బేటిమ్‌ను 2019లో తైవాన్ సీఎంసీ కొనుక్కుంది. కొత్త కంప్యూటర్లకు సీడీ పెట్టే అరే ఉండటం లేదు. సీడీ బాగున్నా, చదివే మిషను దొరక్కపోవచ్చు.

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని అడగండి. ఒక్కటి చాలదు. పెన్‌డ్రైవ్ కూడా చెడుతుంది. రెండు చోట్ల పెట్టాలి. ఒకటి మీ దగ్గర, ఒకటి కూతురి దగ్గరో కొడుకు దగ్గరో. ఒక ఇంట్లో రెండూ పెడితే ఆ ఇంటికి వచ్చిన కష్టం రెంటికీ వస్తుంది. ఎక్కించాక అక్కడే కూర్చుని మొదలు, నడుమ, చివర ఆడించి చూసుకోండి. చివర తప్పకుండా చూడండి.

సీడీని అంచులు పట్టుకుని తియ్యండి. టీవీ మీద పెట్టకండి, వేడి. కిటికీ దగ్గర పెట్టకండి, ఎండ. డబ్బాలో నిలువుగా నిలబెట్టండి. బాల్‌పెన్‌తో దాని మీద రాయకండి. పేరు రాయాలంటే డబ్బా మీద రాయండి. ఎవరి పెళ్ళి, ఏ సంవత్సరం అన్నది మీ చేత్తోనే రాయండి.

మా వైపు పాత సీడీలను దారం కట్టి మిరపచేలలో వేలాడదీస్తున్నారు. ఎండకు తళతళలాడితే పిట్టలు రావని. కట్టేముందు ఒక్కసారి ఆడించి చూడమని నేను అందరికీ చెబుతున్నాను. నిరుడు ఒక చేలో బారసాల సీడీ వేలాడుతుంటే నేనే చూశాను.

వదిన దగ్గర ఇప్పుడు రెండు పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయి. ఒకటి అమ్మాయికి పంపింది. ఆ చెడిన సీడీని మాత్రం పారెయ్యలేదు. ఒక మిషన్లో చదవనిది ఇంకో మిషన్లో చదవొచ్చని ఆ అబ్బాయి అన్నాడు కదా. డబ్బా మీద "అప్పగింతలు ఇందులో ఉన్నాయి" అని పెద్ద అక్షరాలతో రాసి, మళ్ళీ చీరల అడుగున పెట్టుకుంది.